సున్నా గడిలో ఉండాల్సినవాళ్ళు

వదినకు,

నీ ఆడపడుచు నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, నీ కూతురు మన పిచ్చుకా, అల్లుడూ క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెడితే నీకు నచ్చదు గనక రాశాను. ఎంతవరకు నిజమో చివరికొచ్చేసరికి నువ్వే చెబుదువుగాని.

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. జవాబు ఈపాటికి మూడుసార్లు రాశాను. మొదటిది అరపేజీ దాటలేదు. రెండోది పాఠంలా తయారైంది, చదువుకుంటే నాకే ఆవలింత వచ్చింది. మూడోది అసలు సంగతి దాకా వచ్చి పక్కకి తప్పుకుంది. ఇది నాలుగోది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నీ గొంతు వింటే నీ మోకాలి గురించీ వానల గురించీ మాట్లాడి పెట్టేస్తాను. పదహారేళ్ళుగా నేను చేస్తున్న పని అదే.

నీ ఉత్తరంలో సంతకం అయిపోయాక, అడుగున, చిన్న అక్షరాలతో రెండు లైన్లు రాశావు. పిచ్చుకకి మూడో నెల అనీ, నాకు జరిగింది దానికీ జరుగుతుందా, నువ్వు రక్తాలు చూసేదానివి గదా చెప్పు అనీ. అంత పెద్ద భయాన్ని అంత చిన్న అక్షరాల్లో ఎలా పట్టించావో తెలియదు. జరిగి తీరాలని లేదు వదినా. ముందే తెలుసుకునే దారి ఉంది. కవరులో విడిగా ఒక చీటీ పెట్టాను. ఈ ఉత్తరం చదవడం ఇక్కడే ఆపేసినా సరే, ఆ చీటీని రేపే పిచ్చుక చేత వాళ్ళ డాక్టరమ్మకి ఇప్పించు. పిచ్చుకకీ అల్లుడికీ చెయ్యాల్సిన రక్తపరీక్ష పేరు అందులో ఉంది. ఇద్దరికీ చెయ్యాలి, ఒక్కరికి చేసి ఊరుకుంటే లాభం లేదు. అల్లుడికి సూదంటే భయమని రాశావు. నేనొచ్చి చెయ్యి పట్టుకుంటానని చెప్పు. ఆలస్యం అమృతం విషం. మిగతాది నిదానంగా చదువుకోవచ్చు.

ఇప్పుడు చిన్న ప్రశ్నలు. నీ కుట్టుమిషను ఇంకా ఉందా అన్నావు. కిటికీ పక్కన పెట్టిన చోటే ఉంది. అన్నయ్య నెలకోసారి దానికి నూనె వేస్తాడు. ఎవరు కుట్టడానికి అని నేను ఒకసారి అడిగితే తుప్పు పడుతుంది అన్నాడు. అంతకంటే పొడుగు వాక్యాలు తన నోట రావని నీకు తెలియంది కాదు. కళ్ళద్దాల షాపులో వెనకగది ఇంకా తనదే. ఊళ్ళో సగం మంది తను అరగదీసిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తున్నారు. భోజనం చేస్తున్నాడా అంటే చేస్తున్నాడు, ఏం తిన్నావని అడిగితే మాత్రం చెప్పలేడు.

అమ్మ సంగతి ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. నిన్ను అన్న మాటలన్నీ తెలిసినదాన్ని గనక నువ్వు అడిగినప్పుడల్లా నాకు మొహం చెల్లదు. అమ్మకి మతి నిలవడం లేదు. నన్ను ఒక్కోసారి తన అక్క అనుకుంటుంది. అది బాగానే ఉంది, అక్కనైతే కసరదు. కానీ కొత్తగా ఒకటి మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నడిమి గది తలుపు తనే దగ్గరగా వేసి, పెదాల మీద వేలు పెట్టుకుని, పిల్లలిద్దరూ ఇప్పుడే పడుకున్నారు, మెల్లగా నడవండి అంటుంది. ఏ పిల్లలమ్మా అంటే, పెద్దది బడికెళ్ళింది, ఈ చిన్నవాళ్ళిద్దరూ అంటుంది. ఆమెని చూసుకోవడానికి వచ్చే ఆయా మొదటిరోజు విని, తలుపు తీసి చూసి, ఆ గదిలో మడత మంచం తప్ప ఏమీ లేదని గ్రహించి, చీపురు అక్కడే వదిలేసి వరండాలోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు అలవాటు పడింది. మేమూ పడ్డాం. మొన్న ఆదివారం అన్నయ్య ఆ గది ముందు నుంచి మునివేళ్ళ మీద నడిచి వెళ్ళడం చూశాను. తనకి ఆ సంగతి తెలియదు. నేనూ అలాగే నడుస్తున్నానేమో, నన్ను చూసేవాళ్ళు లేరు.

అత్త రక్తంలో ఏం లెక్కపెడుతుంది అని పిచ్చుక అడిగిందన్నావు. చెబుతాను, ఎందుకంటే అసలు కథకి దారి అదే. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం ఒకటి ఉంది, హిమోగ్లోబిన్. దాన్ని ఎలా తయారుచెయ్యాలో చెప్పే జన్యువుని, నువ్వు బట్ట కత్తిరించడానికి దాచుకునే అట్టముక్క అనుకో. మనుషులు ఇంకా మనుషులు కాకముందు ఎప్పుడో, పొరపాటున, ఆ అట్ట పక్కనే దాని నకలు ఇంకొకటి పడింది. పడినది పోలేదు. అమ్మ నుంచి ఒక జత, నాన్న నుంచి ఒక జత, మొత్తం నాలుగు ఉంటాయి మనిషికి. అన్ని ఉండటంలో సుఖం ఏమిటంటే ఒకటి చిరిగినా పని ఆగదు. కొందరిలో మూడే ఉంటాయి, కొందరిలో రెండే. వాళ్ళూ తిరుగుతారు, పనిచేస్తారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు. కాస్త పాలిపోయినట్టుంటారు, అంతే.

అసలు విచిత్రం ఇంకోటి. దోమలతో వచ్చే చలిజ్వరం పీడించిన పల్లపు నేలల్లో ఈ లోటున్నవాళ్ళే ఎక్కువమంది బతికారు. నాలుగూ నిండుగా ఉన్న పిల్లలు ఆ జ్వరానికి రాలిపోతే, తక్కువున్న పిల్లలు లేచి కూర్చున్నారు. తరం మీద తరం అలా గడిచేసరికి ఆ జనంలో లోటే ఆస్తి అయిపోయింది. చలికి దోమ బతకని కొండల మీద ఆ అవసరం రాలేదు గనక అక్కడివాళ్ళలో నాలుగూ నిలిచాయి. దీన్ని ప్రకృతి ఎంపిక అంటారు. ఎంపిక అంటే ఎవరో చాటలో పోసుకుని ఏరినట్టుంటుంది గానీ, ఏరేవాళ్ళు ఎవరూ లేరు. మిగిలినవాళ్ళు మిగులుతారు, వాళ్ళ పిల్లలు పుడతారు.

తొమ్మిది రకాల జనాల రక్తాలు మా ల్యాబుకి వస్తాయి. ఎవరికెన్ని ఉన్నాయో చూసి పట్టికలో వెయ్యడం నా పని. పట్టికలో అయిదు గడులు: నాలుగు, మూడు, రెండు, ఒకటి, సున్నా. ఇన్నేళ్ళలో, ఇన్ని వేల మందిలో, సున్నా గడిలో ఒక్క మనిషి కూడా పడలేదు. మా లెక్కలాయన కిందటి నెల ఆ గడి తీసేద్దామన్నాడు, పేజీలో చోటు కలిసొస్తుందట. నేను ఒప్పుకోలేదు. ఖాళీ గడికి ఇంత పట్టుదలేమిటండీ అని నవ్వాడు.

అది ఖాళీ అని నేనెలా అనుకోను వదినా. ఆయనే ఆ గడి పక్కన ఒక అంకె వేస్తాడు. ఈ జనంలో లోటున్న తల్లిదండ్రులు ఇంతమంది గనక, ఒక్కటి కూడా లేకుండా పుట్టేవాళ్ళు ఇంతమంది ఉండి తీరాలి అని లెక్కకట్టి వేస్తాడు. ఆ వరుసకి పేరు 'ఉండాల్సినవాళ్ళు'. దాని కింద 'ఉన్నవాళ్ళు'. కిందటి నెల ఉండాల్సినవాళ్ళు పదకొండు మంది, ఉన్నవాళ్ళు సున్నా. ఒక్కటీ లేని బిడ్డ కడుపులోనే నీరుపట్టి, భూమ్మీద పడుతూనే పోతుంది. రక్తం ఇవ్వడానికి మా దాకా రాదు. ఆ పట్టిక నా ముందుకొచ్చిన ప్రతిసారీ నేను పదకొండు అని చదవను. పదమూడు అని చదువుతాను.

ఇక దాచిన సంగతి. నువ్వు మన ఇంట్లో ఉన్న చివరి ఏడు అది. అప్పట్లో మా ల్యాబు పెద్దాయనకి మేం పెట్టుకున్న పేరు గంటన్నర సార్. అయిదు నిమిషాలు రమ్మని పిలిచి గంటన్నర మాట్లాడేవాడు. జన్యువుల్ని లెక్కపెట్టడం అంటే ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం కాదు. నాలుగూ ఉన్నాయని తెలిసిన ఒకరి రక్తం పక్కన పెట్టుకుని, మిగతా అందరినీ దానితో పోల్చి చూస్తాం. దాన్ని కొలత గొట్టం అనేవాళ్ళం. మా కొలత గొట్టం అయిపోయింది. కొత్తది తెప్పించడానికి రెండు నెలలన్నారు. సార్ అందరి మొహాలూ చూశాడు. నేను చెయ్యి చాపాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు జ్వరపడి ఎరగను, నాకు నాలుగూ లేకపోతే ఇంకెవరికుంటాయి అన్నాను. రక్తం తీశారు. గొట్టం మీద 'సాధారణం' అని నా చేత్తో నేనే రాశాను.

ఆ గొట్టంతో కొలిస్తే కొండజనంలో మనిషికి ఎనిమిది వచ్చాయి. గంటన్నర సార్ పొంగిపోయాడు. కొండల మీద గాలి పల్చన గనక ప్రకృతి వాళ్ళకి రెట్టింపు ఇచ్చిందని సిద్ధాంతం అల్లాడు. అది ఎంత చక్కగా అతికిందంటే అనుమానించడానికి ఎవరికీ మనసొప్పలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు, మా కుందేలుకి ఎనిమిది. చూడవచ్చిన పెద్దమనుషులకి కూడా చెప్పేశాడు.

రెండు నెలలకి అసలు కొలత గొట్టం వచ్చింది. అందులో నాలుగే ఉన్నాయని వేరేచోట ఖాయం చేసి పంపారు. దాన్ని నా గొట్టంతో కొలిచాను. ఎనిమిది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఎనిమిదే. నువ్వయితే ఒక్క నిమిషంలో పట్టేసేదానివి. ఊళ్ళో అందరి నడుములూ రెట్టింపు వస్తున్నాయంటే అనుమానించాల్సింది నడుముల్ని కాదు, టేపుని. మా టేపు నేను. నాకున్నవి రెండే. నా చేత్తో నేను సాధారణం అని రాసిన రక్తంలో సగం లేదు. ఇంకా వెతికితే తేలింది, ఆ ఉన్న రెండూ ఒకే వైపువి. కన్నవాళ్ళలో ఒకరి నుంచి వచ్చిన రెండో వైపు పూర్తిగా ఖాళీ.

మధ్యాహ్నం రెండున్నర అయింది అప్పటికి. నీ మూడో కాన్పు జరిగి అయిదు వారాలు. ఇలాంటి లోటు తల్లిలోనూ తండ్రిలోనూ ఉంటే ఏమవుతుందో మా అలమారలోని పుస్తకంలో ఉంది. పేజీ తీశాను. బొమ్మ ఉంది. నేను ఆసుపత్రిలో ఎత్తుకున్న బిడ్డే వదినా. ఆ పొట్ట, ఆ ఉబ్బిన రెప్పలు. పుస్తకం మూసి లోపల పెట్టి, చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కున్నాను.

గంటన్నర సార్‌తో నా గొట్టం చెడిపోయిందని చెప్పాను. అంకెలన్నీ కొత్త గొట్టంతో మళ్ళీ కొలిచి సరిచేశాను. ఆయన మొహం వాడిపోయింది గానీ, పోనీలేమ్మా, ఇలాంటివి మామూలే అన్నాడు. ఎనిమిది కాళ్ళ కుందేలు అలా పోయింది. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. చెడిపోయిందన్న చిన్న అబద్ధం ఒక్కటే మిగిలింది, దాన్ని కాపాడుకోవాల్సింది నేను.

మూడో రోజు వంటింట్లో అమ్మ నన్ను అడిగింది. నీకు ఆ రోజు గుర్తుంటుంది, నాకు తెలుసు.

"నువ్వు రక్తాలే చూస్తావుగా. మన వైపు ఇలాంటిదేమైనా ఉందా?" అంది.

"మన వైపు అలాంటిదేం లేదమ్మా. నేను చూశాను," అన్నాను.

నువ్వు పక్కగదిలో ఆరిన బట్టలు దులిపి మడతపెడుతున్నావు. దులిపే చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. అమ్మ ఆ తర్వాత అన్న మాట, నిన్ను పాడుబావి అన్నది, నేను వినిపించుకోనట్టు గిన్నె తోముతూ నిలబడ్డాను. నాలుగు రోజులకి నువ్వు ఏడేళ్ళ పిచ్చుక చెయ్యి పట్టుకుని గుమ్మం దిగావు. నేనుంటే ఈ ఇంట్లో పిల్లలు బతకరు, ఇంకో పెళ్ళి చేసుకో అని అన్నయ్యతో అన్నావట. ఆ మాట నీకు ఎవరు నేర్పారో అన్నయ్యకి తెలియదు. నాకు తెలుసు.

నేను చూశాను అన్నది నిజం. లేదన్నదే అబద్ధం.

ఎందుకన్నానంటే గొప్ప కారణాలేం లేవు. గొట్టం చెడిపోయిందని సార్‌తో చెప్పి రెండు రోజులే అయింది, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే దశలో ఉన్నాను. లోటు నాలో ఉందంటే నోరు పెగలలేదు, అమ్మ ముందు అసలే పెగలలేదు. సగం వదినలోనూ ఉండి ఉంటుందిగా, పూర్తి అబద్ధం కాదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సగం మాట నిజమే, ఈ ఉత్తరంలో నీకు ఇంకో అబద్ధం చెప్పను. నీలోనూ ఉంది. ఇద్దరిలో ఉంటేనే అలా జరుగుతుంది, అదీ ప్రతి కాన్పుకీ కాదు, నాలుగింట ఒకసారి జరగొచ్చు. మన పిచ్చుక దాన్ని తప్పించుకుని పుట్టింది. తర్వాతి ఇద్దరూ తప్పించుకోలేదు. అందులో నీ కడుపు చేసిన పాపం ఏదీ లేదు, నీ తిండీ నడకా కుట్టుపనీ ఏవీ కారణం కాదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ అర్ధమొగుడు నోరు విప్పి సగం మాది అని ఒక్క మాట అని ఉంటే నువ్వు గుమ్మం దిగేదానివి కాదు. మన ఇంటిని కొలతగా పెట్టుకుని నిన్ను కొలిచాం. ల్యాబులో అదే తప్పు చేస్తే వారంలో దిద్దుకున్నాను. ఇంట్లో పదహారేళ్ళు పట్టింది.

ఇంకో ప్రశ్న కూడా అడిగావు, ఇన్నేళ్ళలో మొదటిసారి. నాకు స్పృహ లేదు, నువ్వు ఎత్తుకున్నావుగా, పిల్లాడు ఎలా ఉన్నాడు అని. చెబుతాను. బరువుగా ఉన్నాడు, చూస్తే అనిపించేదానికంటే బరువు. రంగు మాత్రం నానిన కాగితం రంగు. నర్సు తెల్లబట్టలో చుట్టి ఇచ్చింది. బట్ట తొలగించి పాదాలు చూశాను, రెండో వేలు బొటనవేలికంటే పొడుగు, నీ పాదాలే. నెత్తిన అన్నయ్యకున్నట్టే రెండు సుడులు. వాడు ఒక్కసారి నోరు తెరిచాడు, ఏడవలేదు. నేను పేరేమీ పెట్టలేదు గానీ నాన్నా అని పిలిచాను. ఒంటరిగా పోలేదు వదినా, నా చేతుల్లో పోయాడు. ఇది నీకు అప్పుడే చెప్పాల్సింది. నువ్వు అడగలేదని నేను చెప్పలేదు, నేను చెప్పనని నువ్వు అడగలేదు.

కిందటేడు అమ్మకి ఆసుపత్రిలో రక్తం తీసినప్పుడు డాక్టరుగారికి అనుమానం వచ్చి ఆ పరీక్ష కూడా చేయించారు. ఆ ఖాళీ వైపు అమ్మ నుంచి వచ్చినదే. అమ్మ చెప్పే కథ నువ్వూ ఎన్నోసార్లు విన్నావు కదా, చిన్నప్పుడు వాళ్ళ వాడంతా జ్వరాలొచ్చి ముగ్గురు తమ్ముళ్ళూ పోతే తనూ అక్కా మాత్రం మిగిలిన కథ. నేను గట్టిపిండాన్ని అని ముగించేది. గట్టిదనం కాదు, లోటు. ఆ లోటే ఆమెని బతికించింది, మమ్మల్ని కనేదాకా నడిపించింది, ఆమె మనవణ్ణీ మనవరాలినీ తీసుకుపోయింది. నాకు తెలిసిన శాస్త్రమంతా కలిపినా దీనికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో చెప్పదు. ఈ సంగతి అమ్మకి చెప్పాను, నడిమి గది ముందు కూర్చోబెట్టి, నిదానంగా. అంతా విని, మెల్లగా మాట్లాడవే, పిల్లలు లేస్తారు అంది.

అన్నయ్యకి కూడా చెప్పాను, నీ ఉత్తరం వచ్చాక వచ్చిన ఆదివారం, షాపు వెనకగదిలో. చక్రం తిరుగుతుంటే మొదలుపెట్టాను. సగంలో తనే చక్రం ఆపేశాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు.

"ఆమెకి తెలుసా?"

"లేదు," అన్నాను.

"ముందు ఆమెకి చెప్పాల్సింది," అన్నాడు.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాడు పొద్దున మా ల్యాబుకొచ్చి, జీవితంలో మొదటిసారి, చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. రెండు వచ్చాయి. ఆ అంకెని కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు. ఈ ఉత్తరంలో నువ్వూ ఓ ముక్క రాయి అన్నాను. ఇంకో పెళ్ళి చేసుకోకపోవడం ఏదో గొప్ప అనుకున్నాననీ, ఆ రోజు నీ వెనకాల బస్సెక్కకపోవడం ఎంత తప్పో ఇప్పుడు తెలిసిందనీ, రాయడానికి తనకి మొహం లేదనీ అన్నాడు. పదహారేళ్ళలో అన్నయ్య నోట నేను విన్న అతి పొడుగు మాట ఇదే గనక నీకు చేరవేస్తున్నాను. దానికి జవాబు ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. మిషనుకి ఈ నెల నూనె వేశాడు.

గంటన్నర సార్ రిటైరై ఇంట్లోనే ఉన్నాడు. మొన్న వెళ్ళి ఆ గొట్టం చెడిపోలేదు సార్, నేనే అలా చెప్పాను అన్నాను. ఒక పూర్తి నిమిషం మాట్లాడలేదు. మా వాళ్ళు నమ్మడం లేదు. ఆ గొట్టం ఇంకా మా ఫ్రీజరు అడుగు అరలో ఉంది. పారెయ్యడానికి చాలాసార్లు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసినదే. నిన్న బయటికి తీసి, మంచు తుడిచి, 'సాధారణం' కొట్టేసి 'రెండు' అని రాశాను. రాయడానికి అరనిమిషం పట్టింది.

పిచ్చుకలో లోటు ఉండొచ్చు, లేకపోనూవచ్చు. దానిలో ఉన్నా, అల్లుడిలో లేకపోతే మనం పడ్డ బాధ వాళ్ళకి రాదు. ఇద్దరిలోనూ ఉంటే బిడ్డని ఇప్పుడే చూడగలరు, ఏం చెయ్యాలన్నది వాళ్ళిద్దరూ డాక్టరమ్మతో కూర్చుని నిర్ణయించుకుంటారు. చీకట్లో తడుముకుంటూ తొమ్మిది నెలలు మొయ్యక్కర్లేదు. నువ్వు రమ్మంటే వస్తాను. వద్దంటే గుమ్మం దాకా కూడా రాను, అది అడిగే హక్కు నీకుంది. నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, నీ గుణం నాకు తెలుసు, అప్పుడు నేను మళ్ళీ తేలిగ్గా తప్పించుకున్నట్టవుతుంది.

ఒక్కటి మాత్రం అడుగుతాను. పరీక్ష చేసేచోట నర్సు ఒక కాగితం నింపుతుంది. కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా ఈ లోటు ఉందా అని అడుగుతుంది. పిచ్చుక నీ వైపు చూస్తుంది. అప్పుడు నువ్వు తల దించుకోకు వదినా. నీ పేరు రెండో లైనులో రాయించు. మొదటి లైనులో మా అత్తది అని చెప్పి, నా పేరు రాయించమను.

ఇట్లు,
చూసి కూడా లేదన్న
నీ ఆడపడుచు